లాభం అన్నానా, సున్న అన్నానా

కార్తీకంలో ఆ బుధవారం తెల్లవారుజామున నాలుగూ యాభై రెండుకి ఒక నక్షత్రం ఆరిపోయి మళ్ళీ వెలిగింది. ఎంతసేపు ఆరిపోయిందో చూసి చెప్పడం నా పని. అయిదు సెకన్లు అని చెప్పాను. శుక్రవారం పొద్దున బియ్యం కొలుస్తుండగా ఆ మాట తప్పేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం ఆరింటి తర్వాత దాన్ని దిద్దుకునే వీలు లేదు.

మా ఇల్లు నెల్లిమర్లలో. వీధి గది ఒకప్పుడు మా ధాన్యం కొట్టు. మేం చోళ్ళనే రాగులు, మినుములు, నువ్వులు అమ్మేవాళ్ళం. కుంచం పట్టుకుని కొలిచే పని నలభై ఏళ్ళు నాదే. మా వారు పోయాక కొట్టు మూసేశాం. మావగారి నాటి గోడగడియారం మాత్రం ఆ గదిలో ఇంకా నడుస్తోంది. రోజూ రేడియోలో వార్తల ముందు వచ్చే పిప్ పిప్ శబ్దాల్ని బట్టి అది ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో ఒక పుస్తకంలో రాస్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాస్తున్నాను. జ్వరంతో పడుకున్న పదకొండు రోజులు తప్ప ఖాళీలు లేవు.

మేడ మీద వాటాలో ఒక లెక్చరరమ్మ అద్దెకుంటోంది. కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. సముద్రం ఒడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, అందరికంటే ఎక్కువ చదువుకున్న పిల్ల. ఒకరోజు అద్దె ఇవ్వడానికి కిందికి వచ్చి ఆ పుస్తకం చూసింది. నిలబడే నాలుగు పేజీలు తిప్పింది. తర్వాత కూర్చుని ఇంకో ఇరవై తిప్పింది. నక్షత్రం సంగతి ఆ రోజే చెప్పింది.

ఆమె చెప్పేటప్పుడు మా ఆడపడుచు పొయ్యి మీద చోడి అంబలి కలుపుతోంది. మా ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ నాకంటే నాలుగేళ్ళు చిన్నది. భర్త పోయాక పుట్టింటికి వచ్చి ముప్ఫై మూడేళ్ళయింది. ఆవిడ అంబలిలో ఎప్పుడూ ఉండలు కడతాయి. ఆ మాట నేను ఎప్పుడూ అంటూనే ఉంటాను. లెక్చరరమ్మ గిన్నెలోకి చూసి, గ్రహాలు పుట్టింది కూడా ఇలాగేనంది.

సూర్యుడు తయారవుతున్నప్పుడు మిగిలిపోయిన వాయువూ ధూళీ ఆయన చుట్టూ పళ్ళెంలా పరుచుకుని తిరిగాయట. ధూళికి ధూళి అంటుకుని ఇసుకంత, ఇసుక గులకరాయంత అయింది. కొన్నిచోట్ల గులకరాళ్ళు గుంపుగా చేరి, తమ బరువుకి తామే లోపలికి కూలి, కొండంత ఉండలు కట్టాయి. ఆ ఉండల్లో కొన్ని ఢీకొని పగిలాయి. కొన్ని కలిసి పెరిగి గ్రహాలయ్యాయి. బృహస్పతి అందరికంటే ముందు పెరిగి, చుట్టుపక్కల వాటిని చెదరగొట్టాడు. ఏ గ్రహంలోనూ కలవకుండా మిగిలిపోయిన ఉండలూ, పగిలిన ముక్కలూ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటినే గ్రహశకలాలు అంటున్నాం. ఎన్నేళ్ళయిందని అడిగాను. నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏళ్ళు దాటిందని చెప్పింది.

అంకె చేతికొస్తే నేను ఊరుకోలేను. ఆ కాలమంతటినీ ఒక్క ఏడాది పంచాంగంగా కుదించి లెక్క వేశాను. బృహస్పతి మొదటి రోజు పొద్దున్నే తయారు. భూమి మొదటి వారంలో. నా డెబ్బై రెండేళ్ళ బతుకు అర సెకను వచ్చింది. రెండుసార్లు సరిచూశాను. అర సెకనే.

లెక్చరరమ్మ చూడాలనుకుంటున్న ఉండ బృహస్పతి దారిలోనే, ఆయనకి ముందు నడిచే గుంపులోది. ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా చుక్కలాగే కనిపిస్తుందట. దాని ఆకారం తెలుసుకోవాలంటే అది ఏదైనా నక్షత్రానికి అడ్డం వచ్చే క్షణం కోసం కాచుకోవాలి. అప్పుడు దాని నీడ భూమి మీద పరుగెడుతుంది. నీడ దారిలో ఉన్నవాళ్ళకి నక్షత్రం కొన్ని సెకన్లు మాయమవుతుంది. ఏ ఊళ్ళో ఎంతసేపు మాయమైందో తెలిస్తే, ఈ లెక్కలు పోగుచేసే ఖగోళ సంఘంవాళ్ళు ఆ కాలాలని గీతలుగా ఒకదాని పక్కన ఒకటి గీస్తారు. గీతల చివరలు కలిపితే ఆకారం వస్తుంది. ఈసారి నీడ మా జిల్లా మీదుగా పోతుంది. సముద్రం ఒడ్డున ఒక గీత, శృంగవరపుకోటలో ఒక గీత, నడుమ నెల్లిమర్లలో ఒక గీత.

నడిమి గీతే ముఖ్యమని చెప్పింది. ఉండ ఒక్కటే అయితే నడిమి గీత పక్కవాటితో సమానంగానో, ఇంకాస్త పొడుగ్గానో ఉండాలి. పొట్టిగా ఉంటే దానికి నడుము ఉన్నట్టు. అంటే రెండు ఉండలు, మనిషి నడిచేంత మెల్లగా వచ్చి ఆనుకుని అతుక్కున్నాయన్నమాట. గట్టిగా గుద్దుకుంటే రెండూ నుజ్జయ్యేవి. అంత నెమ్మదిగా కలిశాయంటే, మొదట్లో ఆ చోటు ఎలా ఉండేదో మనకి ఒక సాక్ష్యం దొరికినట్టే.

కెమెరాలు రెండే ఉన్నాయి. ఒకటి ఆమె తన ఊరికి పట్టుకెళ్తుంది. రెండోది శృంగవరపుకోటలో ఆమె శిష్యుల దగ్గర. నెల్లిమర్లలో చిన్న దూరదర్శినిలోంచి కంటితో చూడాలి. అక్కడ స్టాప్‌వాచీ ఇచ్చి ఒక విద్యార్థిని కూర్చోబెట్టమని కాలేజీలో అందరూ అన్నారు. ఈమె నన్ను కూర్చోబెడతానంది. నేనూ మొదట స్టాప్‌వాచీ నొక్కి చూశాను. కీళ్ళు పట్టేసిన వేళ్ళు ఒకసారి ముందు, ఒకసారి వెనక. నోటితో లెక్కపెడితే మాత్రం అర సెకనుకొక అంకె చొప్పున, గడియారం లోలకంతో పాటు, నిమిషం పాటు తేడా రాలేదు. కొలిచి కొలిచి నా నోటికి ఆ లయ పట్టుబడింది.

చిక్కు ఒకటే. మా ఇళ్ళలో కొలతకి "ఒకటి" అనే అంకె లేదు. మొదటి కుంచం పోసి "లాభం" అంటాం. తర్వాత రెండు, మూడు. గింజలకి అది సరైన లెక్కే, లాభం అనేసరికి ఒక కుంచం పడి ఉంటుంది కనుక. నక్షత్రం ఆరిన క్షణానికి ఇంకా ఏ కాలమూ గడవలేదు. అక్కడ "సున్న" అని మొదలుపెట్టాలి. లాభం అని మొదలుపెడితే ఒక అంకె ఎక్కువొస్తుంది, అంటే అర సెకను. లెక్చరరమ్మ ఈ సంగతి మొదటి రోజే పట్టుకుంది. పది రోజులు రోజుకి నలభై సార్లు "సున్న, ఒకటి, రెండు" అని సాధన చేశాను. ఒక్కసారీ తప్పలేదు.

ఆ బుధవారం నాలుగున్నరకే డాబా ఎక్కాను. లెక్చరరమ్మ ముందురోజే దూరదర్శిని గురిచూసి బిగించి, గురి తప్పితే ఎలా తిప్పాలో నేర్పి వెళ్ళింది. నా మాట రికార్డు కావడానికి ఒక ఫోను పిట్టగోడ మీద పెట్టాను. మా ఆడపడుచు కార్తీక దీపాలు పెట్టుకుంటానని పళ్ళెంలో ఒత్తులు, నూనెగిన్నె సర్దుకుని నా వెనకాలే పైకొచ్చింది. వెలిగించొద్దన్నాను. కదలొద్దు, మాట్లాడొద్దు అన్నాను. పళ్ళెం పట్టుకుని చీకట్లో అలాగే నిలబడింది.

నాలుగూ నలభై ఎనిమిదికి గుడిలో మైకు మొదలైంది.

నక్షత్రం ఆవగింజంత ఉంది. కన్ను ఆర్పకూడదు. నీళ్ళు కారుతున్నాయి. యాభై ఒకటి దాటింది. ఇక రాదేమో, లెక్క తప్పిందేమో అనుకున్నంతలో అది లేదు. మసకబారలేదు, వణకలేదు. ఉన్నది లేకుండా పోయింది. నా నోరు దానంతటది లెక్క అందుకుంది. వెనకాల ఏదో ఖంగున పడింది. నేను ఆపలేదు. తొమ్మిది దాటి, పది అంటుండగా నక్షత్రం తిరిగొచ్చింది. "పది" అని అరిచాను.

పుస్తకంలో వెంటనే రాశాను. "పదికి వచ్చింది. రెండు అన్నప్పుడు పళ్ళెం పడింది. అజాగ్రత్త." రాశాక వెనక్కి తిరిగి ఆడపడుచుని తిట్టాను. పళ్ళెం పట్టుకోవడం కూడా రాదా అన్నాను. ఇంకా ఏవో అన్నాను. ఆవిడ ఒలికిన నూనె గుడ్డతో తుడిచి, ఒత్తులు ఏరుకుని కిందికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి మూడు అంకెలూ చేరాయి. సముద్రం ఒడ్డున 5.1. శృంగవరపుకోటలో 5.2. నాది పది అర సెకన్లు, 5.0. లెక్చరరమ్మ తిరిగొచ్చి ఫోనులో రికార్డు వింది. గుడి మైకు మోతలో నా గొంతు మునిగిపోయింది. పళ్ళెం ఖంగుమనడం, నా "పది" అన్న అరుపు, ఈ రెండే వినిపించాయి. రెండింటి మధ్యా సరిగ్గా నాలుగు సెకన్లు. రెండు నుంచి పది దాకా ఎనిమిది అర సెకన్లు, నాలుగు సెకన్లు. నా లయ తప్పలేదని ఆమె సంతోషించింది. నడిమి గీత దాదాపు పక్కవాటిలాగే ఉంది కనుక ఉండ ఒక్కటే అయి ఉండాలంది. కొంచెం నిరాశపడిందని ముఖంలో తెలిసింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కుక్కరులోకి బియ్యం కొలుస్తున్నాను. మొదటి డబ్బా వంచి "లాభం" అన్నాను. రెండో డబ్బా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

బుధవారం ఏమన్నాను?

ఎంత తవ్వినా మొదటి మాట గుర్తు రాలేదు. రెండు గుర్తుంది, అప్పుడు పళ్ళెం పడింది కనుక. పది గుర్తుంది. సున్న అన్న గుర్తు లేదు. లాభం అన్న గుర్తూ లేదు. సున్న అన్నది పది రోజులు, లాభం అన్నది నలభై ఏళ్ళు. లాభం అని ఉంటే నా పది నిజానికి తొమ్మిది. 5.0 కాదు, 4.5. పక్కన 5.1, 5.2 ఉండగా నడుమ 4.5 అంటే నడుము. రికార్డులో ఉన్నది రెండు నుంచి పది దాకానే. రెండుకి ముందు ఒక అంకె ఉందా, రెండున్నాయా అన్నది మైకు మింగేసింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు. 5.0 అన్న అంకెలో అనుమానపడాల్సింది ఏమీ లేదు. చెబితే, ఏమన్నానో నాకే తెలియదని చెప్పాలి. అప్పుడు నా గీత కొట్టేస్తారు. నడుమ ఖాళీ మిగులుతుంది. నా కోసం కాలేజీలో అందరితో వాదించిన పిల్ల వాళ్ళ ముందు తలదించుకుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పుస్తకం చూపించి ఆమె నన్ను ఎంచుకుంది. ఆ పుస్తకంలో ఇప్పుడొక అబద్ధం ఉందేమో.

చీకట్లో నా పక్కన ఉన్న మనిషి ఒక్కరే. పదకొండింటికి పెరట్లోకి వెళ్ళాను. ఆడపడుచు చేటతో చోళ్ళు చెరుగుతోంది. బుధవారం నుంచి మేం పనికి కావలసిన మాటలే మాట్లాడుకుంటున్నాం. మొన్న లెక్కపెట్టినప్పుడు నేను మొదట ఏ మాట అన్నానని అడిగాను.

"ఏటంటావు, లాభం అంటావు."

"అన్నది విన్నావా, అంటానని అనుకుంటున్నావా?"

చేట ఆపి నా వంక చూసింది. "ఇదేటి వదినా, కోర్టా? ఈ ఇంట్లో నువ్వు సున్న అన్నది ఒక్కదానికే. నా సేతి వంటకి."

ఇది సాక్ష్యం కాదు. ఆవిడ విన్నది చెప్పడం లేదు, నేను ఎలాంటిదాన్నో చెబుతోంది. లోపలికొచ్చి బుధవారం పేజీ మళ్ళీ తీశాను. మూడు వాక్యాలు. పదికి వచ్చింది. ఇది చూసి రాసింది. రెండు అన్నప్పుడు పళ్ళెం పడింది. ఇది విని రాసింది. అజాగ్రత్త. ఇది చూడనూ లేదు, విననూ లేదు. అడగనూ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆధారం లేకుండా రాసిన మాట అదొక్కటే అయి ఉంటుంది. లేదా, ఆవిడ గురించి రాసినవన్నీ అలాంటివే అయి ఉంటాయి.

మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను. పళ్ళెం ఎందుకు పడేశావని అడిగాను.

"ఇప్పుడడుగుతున్నావా? మూడ్రోజులైనాది."

ఆవిడ చేటలో చోళ్ళు రెండుసార్లు ఎగరేసి, నా వైపు చూడకుండానే చెప్పింది.

"నాను పడీనేదు. సేతులు జోడించాను. మా నాన్న కుంచం ఎత్తి లాభం అంటే కొట్లో ఉన్నోళ్ళందరం దండం ఎట్టాలి. అయిదేళ్ళప్పుడు ఒకపాలి ఎట్టలేదని సెవి మెలేసీసినాడు. అప్పట్నుంచి ఆ మాట ఇంటే సేతులు లెగిసిపోతాయి. సేతుల్లో పళ్ళెం ఉన్నాదని సేతులకేటి తెలుస్తాది?"

పళ్ళెం పడిందంటే నేను లాభం అన్నట్టే. ఆ కొట్టులో నేను నలభై ఏళ్ళు లాభం అన్నాను. మా మావగారి తర్వాత ఎవరు దండం పెట్టారో, ఎవరు పెట్టలేదో ఎప్పుడూ తలెత్తి చూడలేదు. నా చూపెప్పుడూ కుంచం మీదే.

కానీ ఇంకా ఒక అడ్డు ఉంది. మొదటి మాట గురించి నేను ముందే అడిగేశాను. ఆవిడ నిజమే చెబుతున్నా, నా ప్రశ్న ఆవిడ జ్ఞాపకంలో కలిసిపోయి ఉండవచ్చు. పరీక్ష కావాలి. చెప్పి చేస్తే అది పరీక్ష కాదు.

మూడున్నర దాకా ఆగాను. ఆ నాలుగున్నర గంటలూ ఎలా గడిచాయో రాయడానికి నా దగ్గర అంకె లేదు. ఆవిడ నిద్ర లేచి, మిగిలిన చోళ్ళు చెరగడానికి మళ్ళీ కూర్చుంది. పాట ఏదో కూనిరాగం తీస్తోంది. చెప్పులు విప్పి, వెనకనుంచి వెళ్ళి, నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాను.

"సున్న" అన్నాను.

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. చేట కదల్లేదు. ఏం కావాలంది. ఏమీ లేదన్నాను. గొణుక్కుంటూ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నూరు లెక్కపెట్టాను.

"లాభం" అన్నాను.

చేతులు రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పైకి లేచాయి. చేట నేల మీద బోర్లా పడింది. చోళ్ళు పెరడంతా పరుచుకున్నాయి. ఆవిడ జోడించిన చేతులతో అలాగే కూర్చుని, ముందు చోళ్ళని, తర్వాత నన్ను చూసింది.

"ఇంకెన్నిసార్లు పారబోయిస్తావే నాసేత?"

మేడ ఎక్కాను.

లెక్చరరమ్మ తలుపు తీసింది. నిలబడే అంతా చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. సంఘానికి లెక్క మధ్యాహ్నమే పంపేశానంది. దిద్దడానికి ఆరింటి దాకా గడువు ఉంది. కానీ ఆమె దిగులు గడువు గురించి కాదు.

"మామ్మగారూ, నడుము దొరకాలని నేను ఆశపడినట్టు అక్కడ అందరికీ తెలుసు. ఇప్పుడు నేనే అంకె తగ్గించి నడుము తీసుకొచ్చానంటారు. ఏటని సెప్పమంటారు వాళ్ళకి?"

ఎప్పుడూ పుస్తకంలా మాట్లాడే పిల్లకి వాళ్ళ ఊరి మాట వచ్చేసింది. ఆమె భయం నిజమే. అంకె ఒక్కటే పంపితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అందుకే అంకె కాదు, జరిగిందంతా పంపుదామన్నాను. పాత అంకె కొట్టెయ్యొద్దు. 5.0 కూడా ఉండాలి. 4.5 ఎందుకు అనుకుంటున్నామో పక్కన రాయాలి. నమ్మడం, మానడం వాళ్ళ పని.

అయిదూ పదికి రాయడం మొదలుపెట్టాను. పది అని లెక్క ముగించానని, మొదటి మాట నాకు జ్ఞాపకం లేదని రాశాను. ఆ వాక్యం దగ్గర కలం ఆగింది. అలాంటి వాక్యం నా దస్తూరీలో అంతకుముందు లేదు. తర్వాత కుంచం సంగతి, దండం సంగతి, పళ్ళెం, సాయంత్రం చేసిన పరీక్ష. రెండు మాటలూ అన్నాను, లాభం అన్నప్పుడే చేతులు లేచాయి, ఒక్క పరీక్ష చాలదని తెలుసు, అని కూడా రాశాను.

సాక్షి సంతకం కావాలి. మా ఆడపడుచు పెరట్లో చీపురుతో చోళ్ళు పోగుచేస్తోంది. కాగితం చదివి వినిపిస్తాను, నిజమైతే సంతకం పెట్టమన్నాను. చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, గుమ్మంలో కూర్చుని వింది. అయిదూ నలభై అయింది. లెక్చరరమ్మ ఫోను పట్టుకుని నా వెనక నిలబడింది. ఆడపడుచు చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"తప్పు రాసావు."

ఏది తప్పని అడిగాను.

"మూడు ఒత్తులున్న పళ్ళెం అని రాసావు. అయిదు. నూనెలో తడిసిన ఒత్తులు సీకట్లో ఏరినదాన్ని, నాకు తెల్దా?"

మూడు కొట్టేసి అయిదు రాశాను. కొట్టేసిన చోట నా పొడి అక్షరాలు వేశాను. ఆవిడ కలం తీసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, తీరిగ్గా తన పూర్తి పేరు రాసింది. అయిదూ యాభై మూడుకి లెక్చరరమ్మ ఫోటో తీసి పంపింది.

బుధవారం పేజీలో "అజాగ్రత్త" అన్న మాట కూడా ఆ సాయంత్రమే కొట్టేశాను. దాని పైన "దండం" అని రాశాను. చీపురు ఇంకొకటి తెచ్చుకుని చోళ్ళు పోగుచేయడానికి కూర్చున్నాను. నేను ఎత్తిన వాటిలో మట్టి ఉందని రెండుసార్లు చెప్పింది. ఉంది.

పన్నెండు రోజులకి సంఘం నుంచి జవాబొచ్చింది. రెండు అంకెలూ ఉంచారు. కంటితో చూసిన ఒక్క గీతని బట్టి నడుము ఉందని చెప్పలేమన్నారు. లేదని కూడా ఇక చెప్పలేమన్నారు. దాని నీడ మళ్ళీ ఎక్కడ పడినా, నడిమి దారిలో ఎక్కువ కెమెరాలు పెట్టి చూస్తారట. లెక్చరరమ్మ వాళ్ళు గీసిన బొమ్మ చూపించింది. పక్క గీతలు రెండూ నిండుగా ఉన్నాయి. మాది చుక్కల గీత. దాని ఎదురుగా చూసినవారు అన్నచోట రెండు పేర్లున్నాయి, నాదీ, మా ఆడపడుచుదీ.

ఆవిడ బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇంతకీ ఉండ ఒకటా, రెండా అని అడిగింది. తెలియదన్నాను. తెలిసినరోజు తనకి కూడా చెప్పమంది.